గాలం నాన్నది, తెడ్డు నాది

మా నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. మెయిన్ రోడ్డు మీద కాదు. చీరల దుకాణాల వెనక సందులో ఒక్క షట్టరు. లోపల ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడలేరు. వారమంతా ఆయన అక్కడ కూర్చుంటాడు. ఆదివారం చెరువు గట్టు మీద కూర్చుంటాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంట్లో ఆదివారం అంటే ఇదే. తెల్లవారుతుండగా వంటింట్లో ఎర డబ్బా మూత నొక్కిన చప్పుడు, ఆ తర్వాత తలుపు గడియ. ఆ సమయంలో ఎవరు మేలుకున్నా ఎక్కడికని అడగకూడదు. అడిగితే చేప పడదని నమ్మకం. నాన్న చేసే ప్రతి పనినీ ఎందుకని నిలదీసే మా అమ్మ కూడా ఈ ఒక్క మాట అడగదు.

డిగ్రీ అయ్యాక నేను ఉద్యోగ పరీక్షల కోసం చైతన్యపురిలో కోచింగ్‌లో చేరాను. మా వీధి నిండా హాస్టళ్లే. ఆదివారం పొద్దున మేడల మీద బట్టలుతుకుతూ ఎవరి ఫోనులో వాళ్ళు పాటలు పెడతారు. చదువుకోవడానికి చోటు లేదని ఒకసారి గొణిగితే నాన్న, "గట్టు మీద ఎవ్వడు మాట్లాడడు. ఒస్తవా?" అన్నాడు. వెళ్ళాను. పరీక్ష పుస్తకం లోపల కథల పుస్తకం పెట్టుకుని వెళ్ళాను. ఎవ్వడూ మాట్లాడడన్నది మాత్రం నిజం కాదు.

ఎల్బీ నగర్‌లో మెట్రో కింద ఒక టీ బండి దగ్గర ఇంకో ఇద్దరు కలుస్తారు. ఒకాయన షేర్ ఆటో నడుపుతాడు. నల్లగొండ జిల్లాలో కృష్ణ ఒడ్డున ఆయన పల్లె. నాన్నను అన్నా అంటాడు కాబట్టి నాకు కాక, అంటే బాబాయి. రెండో ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన లెక్కల లెక్చరరు. రిటైరయ్యారు. అందరికీ మాస్టారే. కాక ఆటోలో ముగ్గురూ సాగర్ రోడ్డు పట్టుకుని ఊరు దాటేదాకా పోయి, మట్టిరోడ్డులోకి తిరిగి చెరువు చేరతారు. నేను వెళ్ళిన కొత్తలో మాస్టారు నన్ను ఏదో పలకరించబోతే కాక, "బిడ్డ మాట్లాడదు సార్, చేప లెక్క," అన్నాడు. ఆ మాట నాకు బాగానే అనిపించింది. ఆ తర్వాత నన్నెవరూ మాట్లాడించే ప్రయత్నం చేయలేదు.

మాటలన్నీ వాళ్ళవే. అందులో ఎక్కువ భాగం ఎర గురించి. కాకది నాటు పద్ధతి. బర్రెల కొట్టం వెనక తడిమట్టి తవ్వి ఎర్రలు తెస్తాడు. అవి దొరకని రోజు కోడి పేగులు. మాస్టారు మైదాపిండిలో కస్టర్డ్ పొడి కలిపి చిన్న చిన్న ఉండలు చేసుకొస్తారు. ఆ డబ్బా మూత తీస్తే గట్టంతా వెనీలా వాసన.

"ఏంది సార్, చేపలకు ఐస్‌క్రీం పెడుతున్రా? జర చెర్రీ గూడ పెట్టకపోయిన్రా పైన?"

"నీ పేగుల కంపుకి చేపలు రావడం మాట దేవుడెరుగు, కుక్కలు మాత్రం వస్తున్నాయి. అదిగో చూడవయ్యా వెనకాల."

నిజంగానే వెనక ఒక కుక్క ఉండేది.

నాన్నది పిండి ఎర. తవుడు, వేయించిన గానుగ పల్లిచెక్క, ఇంకా కొన్ని. ఆ కొన్ని ఏమిటో ఇక్కడ కూడా రాయను. కొంతకాలంగా శనివారం సాయంత్రం ఆ పిండి కలిపేది నేనే. చపాతీ పిండి కన్నా గట్టిగా, గవ్వల పిండి కన్నా మెత్తగా రావాలి. మెత్తనైతే గాలం విసిరినప్పుడు గాలిలోనే ఊడిపోతుంది. గట్టిదైతే చేప మూతితో పొడిచి చూసి వదిలేస్తుంది. ఎన్నిసార్లు కడిగినా సోమవారం క్లాసులో నా వేళ్ళు పల్లిచెక్క వాసన వేసేవి. అందుకని చేతులు బెంచీ కింద పెట్టుకునేదాన్ని.

ఈ ముగ్గురికీ ఒక కాయిదా ఉంది. ఎవరి గాలం వాళ్ళే ముట్టాలి. ఒకరి గాలం మీద ఇంకొకరి చెయ్యి పడితే ఆ గాలానికి పడిన చేప చెయ్యి పెట్టినవాళ్ళదే. గాలం వేసినవాడికి అది లెక్కకు రాదు. చేప ఎవరిదైతే వాళ్ళు మొదటి ముద్ద తినేదాకా గట్టు మీద ఇంకెవరూ కంచంలో చెయ్యి పెట్టకూడదు. ఒకసారి మాస్టారు తుమ్మచెట్ల చాటుకు వెళ్ళినప్పుడు ఆయన గాలం దారానికి కట్టిన బెండు బుడుంగుమని మునిగింది. కాక ఆ కర్ర పక్కనే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి, "సార్! మునిగింది సార్! ఉరుకున్రి!" అని ఒకటే అరుపు. మాస్టారు ప్యాంటు పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి చేప దారం తెంపుకుని పోయింది. చెయ్యి చాచితే అందే గాలం కాక ఎందుకు పట్టుకోలేదని మాస్టారు అడగలేదు. అడుగుతారని కాక అనుకోనూ లేదు.

పోయిన వానాకాలంలో నాన్న స్కూటరు జారి కుడి భుజం మీద పడ్డాడు. ఎముక విరగలేదు కానీ భుజం పట్టేసింది. దవాఖానలో కట్టు విప్పాక ఫిజియోథెరపీ అన్నారు. మోచెయ్యి నడుముకు ఆనించి ఏ పనైనా చేయగలడు. స్క్రూడ్రైవరు తిప్పగలడు, సూది ఎక్కించగలడు. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. గాలం విసరాలంటే చెయ్యి తల దాటాలి.

మొదటి ఆదివారం ఎడమచేత్తో విసిరాడు. గాలం వెనక్కి పోయి తుమ్మకొమ్మకు పట్టుకుంది. మళ్ళీ విసిరితే మాస్టారి చొక్కా కాలరుకు తగులుకుంది. కాక నవ్వబోయి ఆగాడు. అంతకు ముందు ఎవరి గాలం ఎవరి చొక్కాకు పట్టినా వారం రోజులు నవ్వేవాళ్ళు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నాన్న దారం చుట్టేసి, తినే వేళ దాకా నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత రావడం మానేశాడు. ఆదివారాలు కూడా దుకాణం తెరిచాడు. పని ఉండి కాదు. ఒకసారి నేను టిఫిన్ తీసుకుపోతే, బాగా నడిచే మిషన్ ఒకటి పూర్తిగా విప్పి నూనె గుడ్డ మీద పరిచి ఉంది. ఇంట్లో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా పట్టించుకోవడం లేదు. అమ్మకు ముందు సంతోషమేసింది, వాసన పీడ విరగడైందని. మూడో వారానికి ఆమే, "ఏమే, మీ నాయినను ఎటన్న తోల్కపో. గిట్ల కూసుంటె నాకే భయమైతున్నది," అంది.

చివరికి నాన్న తన గాలాల సంచి తీసుకుని ఎల్బీ నగర్ టీ బండి దగ్గరికి వెళ్ళి కాక ఎదురుగా పెట్టాడు. వెంట నేనున్నాను. మాస్టారు కూడా అక్కడే ఉన్నారు.

"రీళ్ళు రెండు మంచిగున్నయి. నువ్వు వాడుకో. నాతోని ఇగ కాదు."

కాక టీ గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "నీ గాలం నేనెట్ల ముడుత అన్నా?"

"పరాచికాలా?"

"పరాచికం కాదు, కాయిదా. తీస్కపో."

నాన్న సంచి భుజానికి తగిలించుకోబోయి, నొప్పికి మొహం ముడుచుకుని, ఎడమచేత్తో పట్టుకున్నాడు. అప్పుడు కాక తన ఊరి సంగతి ఎత్తాడు. కృష్ణలో వాళ్ళ పెద్దవాళ్ళు గాలం విసరకుండానే చేపలు పట్టేవాళ్ళట. నాటుపడవ వెనక దారం వదిలి, చివర మెరిసే రేకు ముక్క కట్టి, పడవ నడుపుతూ పోతే ఆ రేకు నీళ్ళలో చిన్నచేపలా ఊగుతూ వస్తుంది. పెద్దచేప వెంటపడి మింగుతుంది. విసరడం లేదు, చెయ్యి ఎత్తడం లేదు.

"దాన్ని ట్రోలింగంటారండి," అన్నారు మాస్టారు. "వీడియోలున్నాయి. కొర్రమీనుకి, అదే మీ కొర్రమట్టకి, చక్కగా పనిచేస్తుంది."

"పడవేది?" అన్నాడు నాన్న. అడిగాడంటే ఒప్పుకున్నట్టేనని నాకు అర్థమైంది.

చెరువు మీద హక్కున్న ఊరి జాలరి దగ్గర థర్మాకోల్ దిమ్మెలకు పలకలు బిగించిన తెప్ప ఉంది. కాక అక్కడి నుంచే ఫోను చేస్తే, వల మాత్రం వేయబోమని మాటిస్తే ఆదివారం వాడుకోనిస్తానన్నాడు. తెడ్డు నేనేస్తానన్నాడు కాక. నాన్న వెంటనే వద్దన్నాడు.

"నా కోసం నీ గాలం పక్కన పెడుతవా? గట్లయితే నేను రాను."

మాస్టారికి ఈత రాదు. ముగ్గురూ కాసేపు టీ తాగారు. తర్వాత ఒక్కొక్కరే నా వైపు చూశారు. గాలం లేనిది నాకొక్కదానికే.

రేకు మేమే చేశాం. వంటింట్లోంచి అమ్మకు తెలియకుండా చెంచా ఒకటి తీసి, కాడ కోసేసి, దుకాణంలో డ్రిల్లుతో రెండు చివరలా బెజ్జాలు వేశాను. నాన్న పక్కన నిలబడి చెప్పాడు. ఒక బెజ్జానికి మూడుకొక్కేల గాలం, ఇంకో బెజ్జానికి దారం మెలిపడకుండా గిర్రున తిరిగే చిన్న ఇత్తడి కడియం. చెంచా లేదని అమ్మ రెండో రోజే కనిపెట్టింది. "నా చెంచాలు గూడ చెరువులకేనా?" అని అరిచి, కాసేపయ్యాక, "ఇంకోటి కావాల్నా?" అని అడిగింది.

తెప్ప మీద మొదటి ఆదివారం ఏమీ పడలేదు. నాకు తెడ్డు వేయడం రాదు. ఒకవైపే వేస్తే తెప్ప గుండ్రంగా తిరిగింది, దారం మా చుట్టూ తిరిగింది. నెమ్మదిగా వేస్తే చెంచా కిందికి దిగి నాచులో చిక్కుకుంది. ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్ళు పని ఆపి మమ్మల్నే చూశారు. నా నడుముకు లారీ ట్యూబు కట్టి ఉంది. తల వంచుకుని తెడ్డు వేశాను. నాన్న తెప్ప ముందువైపు నాకు ఎదురుగా కూర్చుని, గాలం కర్ర మొదలు తొడకింద నొక్కిపెట్టి, కొనను పక్కకు నీళ్ళ మీదికి చాచాడు. కర్ర నా మోకాలి పక్క నుంచి పోతుంది.

"కొన జూడు. సన్నగ వణుకుతుంటె చెంచా ఆడుతున్నట్టు. వణుకు ఆగితె నాచు పట్టినట్టు."

చెరువు మధ్యలో ఆయన ఇల్లు మాట గానీ పరీక్షల మాట గానీ ఎత్తలేదు. "జర వేగం. అంత కాదు. ఆ, గంతె," ఇవే మాటలు. తిరిగొచ్చేటప్పటికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. గాలం కొన మాత్రం చాలాసేపు సన్నగా వణికింది. ఆ రాత్రి డైరీలో చేపల గురించి ఏమీ లేదు, ఆ వణుకు గురించే రాసుకున్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున్నే మబ్బు పట్టి ఉంది. తూము వైపు తుంగ అంచున, నాచుకు కాస్త ఎడంగా పోతున్నాం. కొన వణుకుతోంది. ఉన్నట్టుండి కర్ర వంగి, నాన్న తొడకింద నుంచి మొదలు ఊడివచ్చేసింది. ఆయన కుడిచేత్తో అందుకోబోయాడు. ఆ చెయ్యి లేవలేదు. "అమ్మా" అన్నాడు. కర్ర పలక మీద జర్రున జారుతూ నా ముందు నుంచి నీళ్ళలోకి పోతోంది. నా రెండు చేతుల్లో తెడ్డు ఉంది. వదిలితే తెడ్డు పోతుంది. కాలు పెట్టి కర్రను తొక్కిపట్టాను.

అంతలో నాన్న ఎడమచేత్తో దాన్ని లాక్కుని చంకలో ఇరికించుకున్నాడు. నేను కాలు తీసేశాను.

"కొర్రమట్ట! తుంగలకు పోతున్నది. గుంజలేను బిడ్డా, ఎత్తలేను."

చేపను తుంగలోకి పోనిస్తే దారం చుట్టుకుని తెగిపోతుంది. పోనీయకుండా ఆపాలంటే కర్ర పైకి ఎత్తి లాగాలి. ఆయన ఎత్తలేడు. నన్ను పట్టుకోమని అడగలేదు. నేనూ చెయ్యి చాచలేదు. చాస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నేను తెప్పను తుంగ నుంచి నడిమి చెరువు వైపు తిప్పి తెడ్డు వేయడం మొదలుపెట్టాను. కర్ర ఎత్తి లాగాల్సిన పని తెప్పే చేసింది.

"ఆపకు! ఆపకు! నడువనీ!"

అంత గట్టిగా నాన్న అరవగా నేను ఎప్పుడూ వినలేదు. మోచెయ్యి నడుముకు ఆనించి రీలు తిప్పుతున్నాడు. దారం వదులైతే తిప్పుతాడు, బిగుసుకుంటే నన్ను నడపమంటాడు. చేప అలిసేదాకా నడిమి చెరువులో పెద్ద సున్నా చుట్టి గట్టు వైపు మళ్ళాం. కాక మోకాళ్ళ లోతు నీళ్ళలో చేతివల పట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు గట్టు మీద గొడుగు ఊపుతూ ఏదో అరుస్తున్నారు. వలలోకి వచ్చిన కొర్రమట్ట నా మోచెయ్యి నుంచి వేళ్ళ చివరల దాకా ఉంది. నల్లగా, చెంచా మూతిలో ఇరుక్కుని, ఇంకా కొట్టుకుంటోంది.

"అన్నా, నీ చెయ్యి పోయిందన్నోడు ఎవడు? మొగోడివి!" కాక నీళ్ళలోనే గంతులేశాడు.

మాస్టారు నా దగ్గరికి వచ్చారు. "రూలు ప్రకారం అడగాలి కదండీ. అమ్మాయీ, గాలం ముట్టుకున్నావా?"

గట్టు మీది నుంచి వాళ్ళకు నా కాలు కనిపించి ఉండదు. నాన్న నీళ్ళ వైపు తిరిగి ఉన్నాడు. ఆయన నా వైపు చూడలేదు.

"చెయ్యి పెట్టలే," అన్నాను. "కాలు పెట్టిన."

"కాలా?"

"జారి నీళ్ళల్ల పడుతుంటె తొక్కిన. తీసేసిన మళ్ళ."

గాలాన్ని తొక్కానన్న సంగతి అప్పుడే నాకు సరిగ్గా తట్టింది. వంగి కర్రను ముట్టి కళ్ళకద్దుకోబోయి, ముట్టకూడదని గుర్తొచ్చి సగంలో ఆగిపోయాను. కాక పడీపడీ నవ్వాడు. "ఆగినవా, మంచి పని చేసినవ్! మొక్కుకుంట మొక్కుకుంట చేప కొట్టేసేదానివి!"

వాదం మొదలైంది. కాయిదాలో ఉన్నది చెయ్యి, కాలు కాదు, కాబట్టి చేప అన్నదే అని కాక. ముట్టడం అంటే ఒంట్లో ఏ భాగం తగిలినా ముట్టడమే, అయితే ఇది చేప కోసం ముట్టింది కాదు, కర్ర పోకుండా ఆపింది, కాబట్టి చెల్లదు అని మాస్టారు. చుట్టూ తిరిగి ఇద్దరూ ఒక్క చోటికే వస్తున్నారు. ఎట్లాగైనా చేప నాన్నది కావాలి.

"బస్," అన్నాడు నాన్న. "కాలు గూడ ఒంటిదే. చేప బిడ్డది."

"గంత కడక్ ఎందుకన్నా? జర ఇడిసిపెట్టరాదు?"

"నా చెయ్యి బాగుంటె ఇడిసిపెట్టేటోనివా నువ్వు? సార్ బెండు మునిగిననాడు ఇడిసిపెట్టినవా?"

కాక వంగి తడిసిన ప్యాంటు మడత విప్పుకున్నాడు.

"నా చెయ్యి పాడైందని కాయిదా మారుస్తున్నరు. మారిస్తే ఇగ నేను ఈ గట్టు ఎక్కను."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆయన చెప్పిందే సబబు," అన్నారు. "అమ్మాయీ, చేప నీది."

నాకు చేప అక్కర్లేదు. అది ఆయనదేనని చెప్పాలనిపించింది. ఎట్లా చెప్పినా జాలి చూపించినట్టే అవుతుందని ఊరుకున్నాను.

కాక మూడు రాళ్ళ మీద పులుసు పెట్టాడు. మాస్టారు ఇంటి నుంచి తెచ్చిన అన్నం విస్తళ్ళలో వడ్డించారు. నడిమి ముక్క నా ఆకులో పడింది. ముగ్గురూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాన్న కూడా. నలుగురు చూస్తుండగా తినడం నాకు పెళ్ళిళ్ళలోనే చేతకాదు. తల వంచి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

"ఎట్లుంది?" కాక అడిగాడు.

"ఉప్పు తక్కువైంది, కాకా."

"చేప పట్టంగనే నోరొచ్చింది సూడు దీనికి!" అన్నాడు కాక. మాస్టారికి పొలమారింది. నాన్న పులుసు కలుపుకుని తిన్నాడు. రెండోసారి అడిగి పోయించుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాన్న కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. భుజం నొప్పి పెడుతోందని దవడ చూస్తే తెలుస్తోంది. ఎల్బీ నగర్‌లో మాస్టారు దిగిపోయారు. అక్కడి నుంచి ట్రాఫిక్. మెట్రో స్తంభాల పక్కన ఆగుతూ కదులుతూ వస్తున్నాం. ఇక ఆయన రాడేమోనని నా భయం. పడ్డ ఒక్క చేపనూ తనది కాదని తన నోటితోనే అన్నాడు. అది తలుచుకుని వచ్చే వారం మళ్ళీ షట్టరు తెరుచుకుని కూర్చుంటాడేమో. అడగాలని నోటిదాకా వచ్చింది. ఆదివారం మాట ముందుగా అడగడం మా ఇంట్లో లేదు.

మా సందు మొదట్లో దిగాం. గాలాల సంచి నేను అందుకోబోతే ఆయన పక్కకు జరిపి ఎడమచేత్తో పట్టుకున్నాడు. కాక ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు. నాలుగడుగులు వేశాక నాన్న ఆగాడు.

"వచ్చే ఆయితారం కాళ్ళు మడుసుకొని కూసో."

"సరే," అన్నాను.

"చెంచా వంగింది. ఇంకోటి చేద్దాం. మీ అమ్మనడుగు."